డిలీట్ నొక్కితే చెరిగిపోతుందా?

ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో 'డిలీట్' నొక్కగానే తెర మీది ఫోటో, సందేశం, ఖాతా మాయమవుతాయి. కంటికి కనబడడం లేదు కాబట్టి అవి ఇక లేవని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ క్షణంలో జరిగేది ఒక విన్నపం పంపడం మాత్రమే. దాన్ని అందుకున్న సర్వరు ఏం చేస్తుంది, ఎప్పుడు చేస్తుంది, అసలు చేస్తుందా లేదా అన్నది నొక్కిన మనిషికి తెలియదు. ఆ తెలియనితనం వల్ల రెండు రకాల అన్యాయాలు జరుగుతున్నాయి. చెరిగిపోవాల్సిన సమాచారం ఏళ్ళ తరబడి ఎక్కడో ఒక మూల మిగిలిపోతోంది. చెరగకూడని సమాచారం ఒక్క ఆదేశంతో వేల, లక్షల సంఖ్యలో ఎగిరిపోతోంది. మొదటిది గోప్యతకు సంబంధించిన సమస్య. రెండోది కొందరి విషయంలో తిండికి సంబంధించిన సమస్య. ఈ రెండింటినీ కలిపి ఆలోచించకపోతే ఏ ఒక్కటీ పరిష్కారం కాదు.

విన్నపం చేరే కౌంటరు

సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటును ఏపీఐ అంటారు. బ్యాంకులో ఖాతాదారు స్ట్రాంగ్ రూమ్‌లోకి నేరుగా వెళ్ళడు. కౌంటరు దగ్గర ఫారం నింపి ఇస్తాడు, లోపలి పని గుమాస్తా చూసుకుంటాడు. ఏపీఐ అలాంటి కౌంటరే. ఫోన్‌లోని యాప్ ఫారం ఇస్తుంది, దూరాన ఉన్న సర్వరు పని చేస్తుంది. వెబ్ అంతా నడిచే హెచ్‌టీటీపీ అనే నియమావళిలో ఇలాంటి ఫారాలు కొన్ని ఉన్నాయి. సమాచారం అడగడానికి 'గెట్', కొత్తది సమర్పించడానికి 'పోస్ట్', తొలగించమనడానికి 'డిలీట్'. 2000 సంవత్సరంలో రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో వివరించిన రెస్ట్ అనే పద్ధతి వ్యాపించాక, ఈ ఫారాలే అప్లికేషన్ల మధ్య ఉమ్మడి భాషగా స్థిరపడ్డాయి.

హెచ్‌టీటీపీ తాజా ప్రామాణిక పత్రం 2022 జూన్‌లో వచ్చింది. దాని సంఖ్య ఆర్‌ఎఫ్‌సీ 9110. డిలీట్ గురించి అందులో ఉన్న వివరణ చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒక చిరునామాకూ దాని వెనకున్న వస్తువుకూ మధ్య సంబంధాన్ని తెంచమని అడగడమే డిలీట్ అర్థమని, ఆ వస్తువులోని సమాచారం నిజంగా చెరిగిపోతుందన్న హామీ ఇందులో లేదని ఆ పత్రం చెబుతుంది. గ్రంథాలయంలో కేటలాగు కార్డు తీసేస్తే పుస్తకం పాఠకుడికి దొరకదు, కానీ అల్మరాలోనే ఉంటుంది. డిలీట్ చేసే పని అంతవరకే.

సర్వరు ఇచ్చే జవాబులలోనూ ఇదే తేడా ఉంది. '204' వస్తే పని పూర్తయింది, చెప్పడానికి ఇంకేమీ లేదని అర్థం. '202' వస్తే విన్నపం అందింది, పని ఇంకా కాలేదని అర్థం. ఆ తర్వాత అదే చిరునామాను అడిగితే '404' రావచ్చు, అంటే దొరకలేదు. లేదా '410' రావచ్చు, అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఇంజినీరుకు ఇవి నాలుగు వేర్వేరు విషయాలు. మామూలు వాడకందారుకు మాత్రం యాప్ అన్ని సందర్భాల్లోనూ 'తొలగించబడింది' అన్న ఒకే వాక్యం చూపిస్తుంది. అసత్యం మొదలయ్యేది అక్కడే.

డిలీట్‌కు మరో నియమం కూడా ఉంది. ఒకే విన్నపాన్ని రెండుసార్లు పంపినా ఫలితం ఒక్కసారి పంపినట్టే ఉండాలి. నెట్‌వర్కు మధ్యలో తెగిపోయి మళ్ళీ పంపాల్సి వచ్చినప్పుడు ఈ నియమమే రక్షణ. అందుకే '57వ వస్తువును తీసెయ్' అని చెప్పడం భద్రం, 'జాబితాలో చివరిది తీసెయ్' అని చెప్పడం ప్రమాదం. రెండోది పొరపాటున రెండుసార్లు చేరితే రెండు వస్తువులు పోతాయి. దేన్ని తీసెయ్యాలో ఖచ్చితంగా చెప్పగలగడమే తొలగింపులో ఉన్న అసలు కష్టం. ఈ మాట ముందు ముందు మళ్ళీ అవసరమవుతుంది.

లోపల మిగిలే జాడలు

సర్వరు నిజాయితీగా తొలగించాలనుకున్నా యంత్రం స్వభావం వేరు. చాలా అప్లికేషన్లలో తొలగింపు అంటే ఆ వరుస పక్కన 'తొలగించినది' అని ఒక గుర్తు పెట్టడమే. దీన్ని సాఫ్ట్ డిలీట్ అంటారు. సమాచారం అలాగే ఉంటుంది, తెర మీద చూపించడం మాత్రమే ఆపేస్తారు. పొరపాటున తీసేసినదాన్ని వెనక్కి తేవడానికి ఇది ఉపయోగపడుతుంది కాబట్టి దీన్ని మోసమనలేం. వాడకందారుకు చెప్పకపోవడమే తప్పు.

నిజంగా తీసేయమని డేటాబేస్‌కు చెప్పినా పని వెంటనే కాదు. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేస్ పాత వరుసను అప్పటికి పక్కన పెట్టి, 'వాక్యూమ్' అనే శుభ్రత పని జరిగినప్పుడు ఆ స్థలాన్ని ఖాళీ చేస్తుంది. అనేక కంప్యూటర్లలో పరచుకుని ఉండే కసాండ్రా డేటాబేస్ తొలగించిన చోట 'టూంబ్‌స్టోన్', అంటే సమాధి రాయి అనే గుర్తు నాటుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే ఆ రాయి 10 రోజులు ఉంటుంది. అన్ని కంప్యూటర్లకూ తొలగింపు వార్త చేరాలి కదా! వార్త అందని కంప్యూటరు ఒకటి మిగిలితే, తీసేసిన సమాచారం మళ్ళీ ప్రాణం పోసుకుని అంతటా వ్యాపించే అవకాశం ఉంది.

ఇంకా కిందికి దిగితే డిస్కు వస్తుంది. ఫైలు తొలగించినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ దాని పేరును జాబితా నుంచి తీసి, ఆ స్థలం ఖాళీగా ఉందని రాసుకుంటుంది. మరో ఫైలు వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. ఫ్లాష్ చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీలలో మరో చిక్కు. వాటిలో రాయడం చిన్న చిన్న పేజీలలో జరుగుతుంది, చెరపడం మాత్రం అనేక పేజీలున్న పెద్ద బ్లాకులలోనే సాధ్యం. చిప్ అంతటా అరుగుదల సమానంగా ఉండేందుకు కంట్రోలరు సమాచారాన్ని ఒకచోటు నుంచి మరోచోటికి మారుస్తూ ఉంటుంది. పైనుంచి ఎన్నిసార్లు తిరగరాసినా పాత ప్రతి ఏ మూలో మిగిలిపోవచ్చు. వీటన్నిటి పైన బ్యాకప్‌లు ఉంటాయి. తొలగించిన సమాచారం తన సర్వర్ల నుంచి పోవడానికి సాధారణంగా 2 నెలలు, బ్యాకప్‌ల నుంచి పోవడానికి 6 నెలల దాకా పట్టవచ్చని గూగుల్ సంస్థే తన విధానంలో చెబుతుంది.

భౌతిక శాస్త్రం కూడా చెరపడం ఊరికే అయ్యే పని కాదంటుంది. ఐబీఎంలో పనిచేసిన రోల్ఫ్ లాండవర్ 1961లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. ఒక బిట్ సమాచారాన్ని చెరిపితే కొంత కనీస ఉష్ణం పరిసరాల్లోకి విడుదల కాక తప్పదన్నది దాని సారం. గది ఉష్ణోగ్రత వద్ద అది ఒక బిట్‌కు సుమారు 2.9×10⁻²¹ జౌళ్ళు. 2012లో ఫ్రాన్స్‌లోని లియోన్ శాస్త్రవేత్తలు నీటిలో తేలే సూక్ష్మమైన సిలికా పూసతో ప్రయోగం చేసి దీన్ని సమర్థించారు. ఆ లెక్కన ఒక గిగాబైట్ చెరపడానికి కావలసిన కనీస శక్తి ఒక జౌలులో వెయ్యి కోట్ల వంతు కన్నా తక్కువ. అంటే ప్రకృతి వసూలు చేసే రుసుము దాదాపు శూన్యం. ప్రతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి పట్టుకోవడానికి అయ్యే ఖర్చే అసలు ఖర్చు, దాన్ని భరించడానికే సంస్థలు వెనకాడతాయి.

ఇందిరాపురం గేటు దగ్గర

ఢిల్లీని ఆనుకుని, ఘజియాబాద్ జిల్లాలో ఉన్న ఇందిరాపురాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. వరుసగా బహుళ అంతస్తుల సొసైటీలు ఉన్న ప్రాంతం ఇది. ఇలాంటి సొసైటీల గేట్ల దగ్గర కాగితపు రిజిస్టరు స్థానంలో ఇప్పుడు యాప్‌లు వచ్చాయి. లోపలికి వెళ్ళే మనిషి పేరు, ఫోన్ నంబరు, కొన్నిచోట్ల ఫోటో, వాహనం నంబరు, ఏ ఫ్లాటుకు వెళ్తున్నాడు, ఎన్ని గంటలకు వచ్చాడు, ఎప్పుడు తిరిగి వెళ్ళాడు అన్నీ నమోదవుతాయి. భద్రత కోసం ఇది అవసరమే.

ఉద్యోగం మీద అక్కడికి వచ్చిన ఒక తెలుగు కుటుంబం మూడేళ్ళ తర్వాత హైదరాబాద్‌కు మారిందనుకుందాం. వెళ్ళేటప్పుడు ఫోన్‌లో ఆ యాప్‌ను తీసేస్తారు. దాంతో పోయింది ఫోన్‌లోని యాప్ మాత్రమే, ఖాతా కాదు. ఖాతాను కూడా తొలగించమని నొక్కితే డిలీట్ విన్నపం యాప్ కంపెనీ సర్వరుకు చేరుతుంది. ఆపాటికే వాళ్ళ వివరాలు సొసైటీ కార్యాలయం ఎక్సెల్ జాబితాలో, ఎస్‌ఎంఎస్‌లు పంపే మరో కంపెనీ దగ్గర, వాడకం లెక్కలు కట్టే ఇంకో కంపెనీ దగ్గర, అద్దెకు తీసుకున్న క్లౌడ్ బ్యాకప్‌లో కూడా చేరి ఉండొచ్చు. మొదటి సర్వరు తన వంతు పని చేసి, మిగిలిన నాలుగు చోట్లకూ అదే విన్నపాన్ని పంపితేనే తొలగింపు పూర్తవుతుంది. సమాచారం పంచుకోవడానికి ఏపీఐలు రాసుకున్న సంస్థలు, చెరిపివేత వార్తను పంచుకోవడానికి కూడా అంతే శ్రద్ధగా రాసుకున్నాయా అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆ కుటుంబానికి కనీసం నొక్కడానికి ఒక బటన్ ఉంది. రోజూ నాలుగిళ్ళలో పనిచేసే ఇంటి పనిమనిషి, డ్రైవరు, పాలు వేసే కుర్రాడు, డెలివరీ కుర్రాడు కూడా అదే వ్యవస్థలో ఉన్నారు. వాళ్ళు ఎన్ని గంటలకు వచ్చారో, ఎన్ని రోజులు రాలేదో అందులో ఉంది. చాలాసార్లు వాళ్ళకు ఆ యాప్‌లో ఖాతా కూడా ఉండదు. ఖాతా లేనివాడికి డిలీట్ బటన్ ఉండదు. తన గురించి ఉన్న సమాచారం మీద తనకు అధికారం లేని మనిషి, ఆ సమాచారంలో తప్పు దొర్లితే నష్టపోయేవాళ్ళలో మాత్రం ముందుంటాడు.

23 నిమిషాల్లో 883 సైట్లు

ఇక రెండో వైపు. కంపెనీలలో పనుల నిర్వహణకు వాడే జిరా, కాన్‌ఫ్లూయెన్స్ వంటి సాఫ్ట్‌వేర్లను తయారుచేసే అట్లాసియన్‌లో 2022 ఏప్రిల్ 5న జరిగింది ప్రతి ఇంజినీరూ చదవాల్సిన పాఠం. పాతబడిన ఒక అనుబంధ యాప్‌ను ఖాతాదారుల సైట్ల నుంచి తీసేయాలని ఆ సంస్థ నిర్ణయించింది. అందుకో స్క్రిప్టు రాశారు. ముందుగా 30 సైట్ల మీద నడిపి చూస్తే సరిగ్గానే పనిచేసింది. తర్వాత అసలు జాబితా ఇచ్చారు. ఆ జాబితాలో ఉండాల్సినవి ఆ చిన్న యాప్ గుర్తింపు సంఖ్యలు. జట్ల మధ్య మాట సరిగ్గా అందక, మొత్తం సైట్ల గుర్తింపు సంఖ్యలు చేరాయి.

తొలగింపు పని చేసే ఏపీఐ రెండు రకాల సంఖ్యలనూ తీసుకుంటుంది. యాప్ సంఖ్య ఇస్తే యాప్‌ను తీసేస్తుంది, సైట్ సంఖ్య ఇస్తే సైట్‌ను తీసేస్తుంది. ఇచ్చినది ఏ రకమో అది అడగలేదు, హెచ్చరించలేదు. దానికి తోడు, స్క్రిప్టును 'తర్వాత తొలగించడానికి గుర్తుపెట్టు' అనే పద్ధతిలో కాకుండా 'శాశ్వతంగా తొలగించు' అనే పద్ధతిలో నడిపారు. 23 నిమిషాల్లో 883 సైట్లు పోయాయి. 775 ఖాతాదారు సంస్థలు తమ పనిని చూసుకోలేకపోయాయి. బ్యాకప్‌లు ఉన్నాయి కాబట్టి సమాచారం తిరిగి వచ్చింది, కానీ కొందరికి రెండు వారాలు పట్టింది. ఒక్కొక్క సైట్‌ను తిరిగి నిలబెట్టే ఏర్పాటు ఉంది గానీ, వందల సైట్లను ఒకేసారి నిలబెట్టే ఏర్పాటు సంస్థ దగ్గర సిద్ధంగా లేదు. చెరపడానికి యంత్రం నిమిషాలు తీసుకుంటే, సరిదిద్దడానికి మనుషులు వారాలు తీసుకున్నారు.

ఆ 'శాశ్వతంగా తొలగించు' అనే పద్ధతిని ఎందుకు పెట్టారో గమనించాలి. చట్టాలు అడుగుతాయి కాబట్టి. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్‌లోని 17వ అధికరణం ప్రకారం, పౌరుడు కోరితే నిర్ణీత సందర్భాల్లో అతని సమాచారాన్ని చెరిపివేయాలి. అంటే గోప్యత కోసం తయారుచేసిన పదునైన కత్తి, పొరపాటున తప్పు చేతికి అందింది. వెనక్కి తీసుకోగలిగితే అది నిజమైన చెరిపివేత కాదని గోప్యత వాదులంటారు. వెనక్కి తీసుకోలేకపోతే ఒక్క పొరపాటుతో అంతా పోతుందని భద్రత వాదులంటారు. ఇద్దరి మాటా నిజమే.

పేరు కలిసింది, కార్డు పోయింది

సంస్థల సైట్లు రెండు వారాలకు తిరిగి వచ్చాయి. అన్నం మీద ఆధారపడిన జాబితాలో పేరు పోతే ఎన్నాళ్ళకు తిరిగి వస్తుంది? తెలంగాణ అనుభవం ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. వివిధ ప్రభుత్వ శాఖల దగ్గరున్న సమాచారాన్ని కలిపి ఒక కుటుంబం పూర్తి చిత్రాన్ని తయారుచేసే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థను అక్కడ 2016 నుంచి వాడుతున్నారు. వాహనం ఎవరికుంది, ఆస్తి ఎవరికుంది, ఎవరు ఏ పథకం పొందుతున్నారు అన్నవి పోల్చి అనర్హులను గుర్తించడం దాని ఉద్దేశాలలో ఒకటి. రాష్ట్రంలో దాదాపు 19 లక్షల రేషన్ కార్డులు ఇంటింటి పరిశీలన లేకుండా కంప్యూటరు గుర్తింపు మీద రద్దయ్యాయన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని రాష్ట్రాన్ని ఆదేశించింది. 2024 జనవరిలో వెలువడిన ఒక పరిశోధనాత్మక కథనం ప్రకారం, అలా తిరిగి పరిశీలించిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హమైనవేనని తేలింది. అంటే కనీసం 7.5 శాతం. రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని వ్యవస్థ తేల్చిన ఉదంతం కూడా ఆ కథనంలో ఉంది. పేరు దగ్గరగా ఉన్న మరొకరి కారు అది.

ఒకే మనిషి పేరు ఒక శాఖలో ఇంటిపేరుతో, మరో శాఖలో ఇంటిపేరు లేకుండా, ఇంకోచోట ఇంగ్లిష్ అక్షరాల మార్పుతో ఉంటుంది. 'లక్ష్మి' అన్న పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో ఏ గుమాస్తానడిగినా చెబుతాడు. ఒకే పేరున్న మనుషులు ఒకే ఊళ్ళో పదిమంది ఉంటారు. ఇలాంటి రికార్డులను పోల్చి 'ఈ ఇద్దరూ ఒక్కరే' అని యంత్రం చెప్పేది ఒక సంభావ్యత మాత్రమే. నూటికి తొంభై పాళ్ళు ఒక్కరే కావచ్చనే అంచనాను నూటికి నూరుపాళ్ళ తీర్పుగా తీసుకుని తొలగింపు ఆదేశం పంపితే, ఆ మిగిలిన పది పాళ్ళలో ఉన్న మనిషి బియ్యం ఆగిపోతుంది. అట్లాసియన్‌లో సైట్ సంఖ్య యాప్ సంఖ్య స్థానంలోకి వచ్చింది. ఇక్కడ ఒకరి కారు మరొకరి పేరులోకి వచ్చింది. రెండుచోట్లా తొలగించే యంత్రం చెప్పిన పని చెప్పినట్టే చేసింది. దేన్ని తొలగించాలో తేల్చుకోవడంలోనే తప్పు జరిగింది.

దొంగ కార్డులను ఏరివేయడం అనవసరమని ఎవరూ అనరు. ప్రజాధనం దారి మళ్ళకుండా చూడడం ప్రభుత్వం బాధ్యత. కానీ ఒక కార్డును చేర్చడానికి దరఖాస్తు, ధ్రువపత్రాలు, విచారణ, సంతకాలు అన్నీ కావాలి. తీసేయడానికి మాత్రం డేటాబేస్‌లో ఒక ఆదేశం చాలు. ఈ అసమానతను సమర్థించడం కష్టం.

ఎర్రసిరా రోజుల జ్ఞానం

కంప్యూటర్లకు ముందు ప్రభుత్వ కార్యాలయాల రిజిస్టర్లకు ఒక పద్ధతి ఉండేది. అంకెనో పేరునో గీకి చెరపడం నిషిద్ధం. తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుగా ఉండాలి. సరైనది ఎర్రసిరాతో పైన రాసి, అధికారి పొట్టి సంతకం చేయాలి. ఖజానా లెక్కల నిబంధనలు ఇప్పటికీ ఇదే అడుగుతాయి. ఆ ఒక్క గీతలో ఇవాళ్టి సాఫ్ట్‌వేర్ పుస్తకాలు చెప్పే సూత్రాలన్నీ ఉన్నాయి. పాతది మిగిలి ఉంటుంది, అది సాఫ్ట్ డిలీట్. ఎవరు కొట్టేశారో తెలుస్తుంది, అది ఆడిట్ లాగ్. అధికారం లేనివాడు కొట్టేయలేడు, అది అనుమతుల నియంత్రణ. ఒకరోజులో ఒక గుమాస్తా లక్ష పేర్లు కొట్టేయలేడు, అది వేగ పరిమితి.

ఈ చివరిదాన్ని ఎవరూ నియమంగా రాయలేదు. మనిషి చేతికున్న పరిమితే ఆ పని చేసింది. రిజిస్టరును డేటాబేస్‌గా మార్చినప్పుడు పేర్లు, అంకెలు భద్రంగా కొత్త చోటికి చేరాయి. రాయని ఈ రక్షణ మాత్రం వెనకే మిగిలిపోయింది. దాన్ని ఇప్పుడు నియమంగా రాసుకోవాలి.

చట్టం ఏం చెబుతోంది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. దాని తర్వాత ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. తన సమాచారాన్ని సరిదిద్దమనీ చెరిపేయమనీ కోరే హక్కును ఈ చట్టం 12వ సెక్షన్ పౌరుడికి ఇచ్చింది. సమ్మతి వెనక్కి తీసుకున్నా, సేకరించిన ప్రయోజనం నెరవేరినా, మరో చట్టం ఉంచమని చెప్పనంత వరకు సంస్థలు సమాచారాన్ని చెరిపేయాలని 8వ సెక్షన్ చెబుతుంది. అమలు నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధానమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది, అంటే 2027 మే నెల దాకా.

ఆ నియమాలలో మంచి ఆలోచన ఒకటుంది. రెండు కోట్లకు మించి వాడకందారులున్న ఈ-కామర్స్, సామాజిక మాధ్యమ సంస్థలు, 50 లక్షలకు మించి ఉన్న ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలు, మూడేళ్ళుగా తమవైపు రాని వాడకందారు సమాచారాన్ని చెరిపేయాలి. చెరపడానికి కనీసం 48 గంటల ముందు ఆ విషయం వాడకందారుకు తెలియజేయాలి. తొలగింపుకు ముందు కబురు పంపడం అన్న సూత్రానికి చట్టంలో చోటు దొరికింది. ఒక ఆటల యాప్ తన ఖాతాదారుకు 48 గంటల ముందు చెప్పాల్సి ఉన్నప్పుడు, రేషన్ కార్డు తీసేసే వ్యవస్థ అంతకన్నా ఎక్కువ సమయం ఇచ్చి, సంజాయిషీ విని, అప్పుడే తీసేయాలనడం పెద్ద కోరిక కాదు.

అదే నియమావళిలో ఒక ఇబ్బంది కూడా ఉంది. సమాచారంతో పాటు దాని కదలికలను చూపే లాగ్‌లను కనీసం ఏడాది పాటు ఉంచాలని అది చెబుతుంది. నేరాల దర్యాప్తుకు, డేటా చోరీల విచారణకు ఇది అవసరమే. అయితే పౌరుడు చెరిపేయమన్నది వెంటనే చెరిగిపోదన్న మాటను సంస్థలు దాచకుండా చెప్పాల్సి ఉంటుంది. కరోనా కాలంలో ఆరోగ్య సేతు యాప్ కోసం 2020 మే 11న విడుదలైన నియమావళి ఈ విషయంలో కొంత మేలు. సంపర్క, స్థాన సమాచారాన్ని సాధారణంగా 180 రోజులకు మించి ఉంచరాదని, వాడకందారు కోరితే వ్యక్తిగత వివరాలను 30 రోజుల్లో తొలగించాలని అందులో అంకెలతో రాశారు. గడువు అంకెలలో ఉంటే అడిగే వీలుంటుంది. 'తగిన సమయంలో' అన్న మాటను నిలదీయడం ఎవరి వల్లా కాదు.

చేయదగిన పనులు

చెరపడానికీ కాపాడడానికీ మధ్య తగవును తీర్చే మార్గం కాలంలోనే ఉంది. తొలగింపును ఒక్క క్షణంలో జరిగే సంఘటనగా కాకుండా, మొదలు, నడక, ముగింపు ఉన్న ప్రక్రియగా చూడాలి. విన్నపం అందిన వెంటనే సమాచారం వాడకం ఆగిపోవాలి. ఆ తర్వాత ముందే ప్రకటించిన గడువు వరకు, ఉదాహరణకు 30 రోజులు, అది తాళం వేసిన గదిలో ఉండాలి. పొరపాటైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. గడువు ముగిశాక నిజంగానే చెరిగిపోవాలి. గడువు లేని సాఫ్ట్ డిలీట్ గోప్యతకు ద్రోహం, గడువు లేని శాశ్వత డిలీట్ భద్రతకు ద్రోహం.

బ్యాకప్‌లలోంచి ఒక్కొక్క పేరు ఏరడం కష్టమన్న వాదనకు కూడా సాంకేతిక జవాబు ఉంది. ప్రతి వ్యక్తి సమాచారాన్నీ వేరు వేరు తాళంతో సంకేత రూపంలోకి మార్చి దాచితే, ఆ తాళాన్ని నాశనం చేసిన రోజున అన్ని బ్యాకప్‌లలోని ప్రతులూ అర్థంకాని అక్షరాల గుట్టగా మిగులుతాయి. డిస్కులను శుభ్రం చేసే పద్ధతుల మీద అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ప్రచురించిన 800-88 మార్గదర్శకాలు ఈ పద్ధతిని గుర్తించాయి. తాళాలను జాగ్రత్తగా నిర్వహించడం ఇందులో కష్టమైన భాగం. అయినా ప్రతి ప్రతినీ వెతకడం కన్నా ఇది సులువు.

పెద్దమొత్తంలో తొలగించే ఏపీఐలకు అదనపు నియమాలు కావాలి. అందుకున్న సంఖ్య ఏ రకం వస్తువుదో సరిచూడాలి. నిజంగా తీసేసే ముందు 'ఇవి పోతాయి' అని జాబితా చూపించే నమూనా నడక తప్పనిసరి కావాలి. ఒక పరిమితి దాటితే రెండో మనిషి ఆమోదం లేకుండా ఆదేశం కదలకూడదు. ఇవేవీ కొత్త ఆవిష్కరణలు కావు, మంచి సంస్థల్లో ఇప్పటికే ఉన్నాయి. వీటివల్ల పని కాస్త నెమ్మదిస్తుందన్నది నిజం. తొలగింపు నెమ్మదిగా జరగడంలో నష్టం కన్నా లాభమే ఎక్కువ.

మనుషుల హక్కులకు సంబంధించిన జాబితాల్లో యంత్రం చేసే పని 'వీళ్ళను ఒకసారి పరిశీలించండి' అని గుర్తుపెట్టడం దగ్గర ఆగిపోవాలి. తీసేసే నిర్ణయం మీద ఒక అధికారి పేరు, కారణం, తేదీ ఉండాలి. ఆ కారణం తెలుగులో, చదవగలిగే మాటల్లో ఆ కుటుంబానికి చేరాలి. అప్పీలు తేలేదాకా బియ్యం ఆగకూడదు. ఇందిరాపురం గేటు దగ్గరి పనిమనిషికి కూడా ఖాతాతో పనిలేకుండా, ఫోన్ నంబరుకు వచ్చే ఒక్క ఓటీపీతో తన వివరాలు చూసుకునే, సరిదిద్దించుకునే, తీసేయించుకునే దారి ఉండాలి. సాంకేతికంగా ఇది ఒక చిన్న ఫారం, దాని వెనక ఒక ఏపీఐ. ఇప్పటిదాకా దాన్ని రాయాలని ఎవరికీ తట్టకపోవడానికి కారణం, డబ్బు చెల్లించే వాడకందారుల జాబితాలో ఆమె లేకపోవడమే.

2027 మే దాకా సంస్థలకు సమయం ఉంది. ఈలోగా ప్రతి యాప్ చేయగలిగిన అతి చిన్న సంస్కరణ ఒకటుంది. 'తొలగించబడింది' అన్న ఒంటి మాటకు బదులు, 'మీ విన్నపం అందింది. ఫలానా తేదీ దాకా వెనక్కి తీసుకోవచ్చు. ఫలానా తేదీకి అన్ని ప్రతులూ పోతాయి. చట్టం ప్రకారం ఫలానాది మాత్రం ఫలానా తేదీ దాకా ఉంటుంది' అని నాలుగు వాక్యాలు రాయడం. అవి రాయాలంటే ముందుగా ఆ సంస్థకు తన దగ్గర ఎవరి సమాచారం ఎక్కడెక్కడ ఉందో తెలిసి ఉండాలి. ఆ మూడు తేదీలు చెప్పలేని సంస్థకు, అసలు ఆ సమాచారాన్ని సేకరించే అర్హత ఉందా అని అడిగే హక్కు పౌరుడికి ఉంది.